దయ్యానికి పెట్టే ముద్ద

నేను చెప్పే దయ్యాల కథలు, మాయల కథలు రాసి మా కోడలు పుస్తకం వేయించింది. గోపన్‌పల్లిలో మా ఫ్లాటుకు ఆఫీసు నుంచి రాగానే, చదివినవాళ్లు ఏమన్నారో ఫోన్లో చూసి నాకు వినిపించేది.

ఒకరోజు మనవరాలికి పప్పన్నం తినిపిస్తుంటే వచ్చి కూర్చుంది.

"అత్తయ్యగారూ, ఆ ముద్ద కథలో దయ్యం చివర్లో పిల్ల పళ్లెం అంచున పెట్టిన అన్నం తిని వెళ్లిపోతే భయం ఎక్కడుందని అందరూ అడుగుతున్నారండి. మళ్లీ అచ్చు వేసేటప్పుడు అది పిల్లని మింగేసినట్టు మార్చేస్తాను."

నాకు ఒళ్లు మండింది. "అది మా అమ్మ చెప్పిన కథ. నీ చదివినోళ్లవి ఒక్క పిల్లకన్నా అన్నం తినిపించిన మొఖాలేనా?"

కోడలు పట్టించుకోలేదు. కొత్త ముగింపు ఎలా ఉందో చూద్దామని కూతురికే చెప్పింది. దయ్యం మింగేసిందనగానే పిల్ల ముద్దను బుగ్గన పెట్టుకుని బిగుసుకుపోయింది.

"మింగు బంగారం, ఉత్తి కథేరా!" అని కోడలు ఎంత బతిమాలినా మింగలేదు.

"ఇగ ఫోన్ చెయ్యి. నీ చదివినోళ్లొచ్చి మింగిపిస్తరు" అన్నాను.

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత పళ్లెంలోంచి కాస్త అన్నం తీసి, నేను రోజూ పెట్టినట్టే అంచున దయ్యానికి పెట్టింది. అప్పుడు బుగ్గలోది మింగింది.

"సరేనండి, మార్చను" అంది కోడలు మెల్లగా.

నా కోపం మాత్రం తగ్గలేదు. పిల్లను భయపెట్టేదాకా నా మాట చెవికెక్కలేదు కదా!