ముందుకు తిరిగిన తోక

ఆళ్లగడ్డ బాలికల హైస్కూల్లో లూదియా సైన్సు టీచరు. 1985 నవంబరులో నంద్యాలలో జరిగే సైన్సు ఎగ్జిబిషన్‌కు ఆమె ఒక పథకం తయారుచేసింది. హేలీ తోకచుక్కను దగ్గరగా చూడాలంటే వ్యోమనౌకను ఎలా పంపాలి? ఆ ఏడు జూలైలోనే బయలుదేరి ఉంటే, ఎనిమిది నెలలు ప్రయాణించి మరుసటి మార్చిలో దాన్ని కలుస్తుంది. నెలరోజులు కూర్చుని లెక్క కట్టి దారి గీసింది. దాన్ని పెద్ద బోర్డు మీద వేయడానికి, లారీలకు బొమ్మలు వేసే నారాయణను కుదిర్చింది. తంటా అక్కడ మొదలైంది.

అతను నౌకను, జూలైలో తోకచుక్క ఉన్న చోటికే గురిపెట్టాడు.

"అన్నా, మనం పోయేలోగా అది ఆడ ఉండదు. చేన్లోనుంచి చాగలమర్రి బస్సును చూసినావనుకో. అది ఇప్పుడుండే కాడికి ఉరుకుతావా, రాబోయే స్టేజీ కాడికి ఉరుకుతావా?"

"స్టేజీ కాడికే," అని దారి సరిచేశాడు.

తోక దగ్గర మాత్రం మొండికేశాడు. మార్చిలో తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి తిరిగి పోతుంటుంది, అప్పుడు తోకే ముందుంటుందని ఆమె చెప్పినా వినకుండా రెండుసార్లు వెనక్కే వేశాడు.

"తోక ముందరుండే ఎద్దును యాడన్నా చూసినారా టీచరమ్మా?"

"ఇది ఎద్దు కాదప్పా. సూర్యుని కాడినుంచి గాలి మాదిరి కొడ్తాంటాది. గాలి వెనకనుంచి కొడితే నీ బీడీ పొగ యాడికి పోతాది?"

"ముందరికే. అయినా నంద్యాలలో నగేది మిమ్మల్ని చూసి కాదు. బోర్డు మీద ఉండేది నా పేరు."

"అయితే నీ పేరు చెరిపెయ్," అని లూదియా విసురుగా వెళ్లిపోయింది.

ఎగ్జిబిషన్ నాటి పొద్దున బోర్డు వచ్చింది. తోక ముందుకే ఉంది. కింద ఎర్రటి అక్షరాలు: "తప్పు కాదు. టీచరమ్మ ఇట్లే వేయమన్నారు."

నంద్యాలలో వచ్చినవాళ్లంతా ముందు ఆ ఎర్ర అక్షరాలే చదివారు. అందరిదీ ఒకటే ప్రశ్న: తోక ముందెందుకుంది? చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. బహుమతులిచ్చే పెద్దలూ తోక గురించే అడిగి, ఆమె దారి గురించి మొదలుపెట్టేసరికి పక్క బల్లకు నడిచారు. బహుమతి రాలేదు.

సాయంత్రం సర్దుకుంటుంటే, కాలేజీలో లెక్కలు చెప్పే కమలాక్షమ్మ వచ్చి బోర్డు ముందు చాలాసేపు నిలబడింది.

"ఈ దారి లెక్క ఎట్ల కట్టినావమ్మా?"

అప్పటికి లూదియా గొంతు పూర్తిగా పోయింది. కూర్చోమని సైగ చేసి, చాక్‌పీసు తీసుకుని, నేల మీద మొదటినుంచీ రాయడం మొదలుపెట్టింది.