నేను పంచిన మాత్రల బొమ్మలు

ఒక తెలివితక్కువ పనికి రంగులద్ది, లామినేషన్ చేయించి, కింద మా సంస్థ ముద్ర కూడా కొట్టించి పంచినవాణ్ణి నేను. ఆలోచన నాదే. ఆఫీసులో అందుకున్న మెచ్చుకోళ్ళూ నావే.

మా పని చెప్పడానికి సులువు. జనం ఏ యాంటీబయాటిక్‌ను ఎవరు చెబితే, ఎన్నాళ్ళు వేసుకుంటున్నారో కనుక్కోవడం. ఇష్టమొచ్చినట్టు మింగితే క్రిములు ఆ మందులకు లొంగకుండా మొండికేస్తాయి. అడాజన్‌లోని మా ఆఫీసు నుంచి స్కూటర్ మీద తాపీ నది దాటి, మగ్గాల పేట ఉధ్నా వెళ్ళి, తెలంగాణ నుంచి వచ్చిన మరమగ్గాల కార్మికుల గదుల్లో కూర్చునేవాణ్ణి. ఏ మందు వాడారంటే "ఎర్రది", "చేదుది" అనేవాళ్ళు. అందుకని మాత్రల ఫోటోలు వరుసలుగా పేర్చి ఒక అట్ట చేయించాను. నేను మళ్ళీ వచ్చేలోగా, మింగినవేవో చూసి గుర్తుపెట్టుకోండని గదికొకటి ఇచ్చాను. వాళ్ళు దాన్ని దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించారు. నేను మురిసిపోయాను.

తర్వాతి నెల ఒక గదిలో, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. మగ్గంలో గీసుకుపోయిందట. వేలు వంకాయలా ఉబ్బింది.

"ఏం వేసుకున్నావన్నా?"

"అట్ట మీదియే సారూ. మొదటి లైన్ల మూడోది, మూడు రోజులు. తగ్గలె. రెండో లైన్లకు పోయిన."

"ఎవరు చెప్పారు?"

ఆయన నావంక జాలిగా చూశాడు. "మీరే గద! ముద్ర గిట్ట ఉన్నది. మంచియి కాకుంటే ఫోటోలు తీసి ఇస్తరా?"

పక్కన పడుకున్నాయన దుప్పటిలోంచే అన్నాడు: "నాకైతే నాలుగో లైను మంచిగ పడ్డది సారూ, దగ్గుకు."

ఆ పూటే వేలు ఉబ్బినాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. చీము పరీక్ష కాగితం వచ్చింది. నేను అచ్చేసిన మందుల్లో చాలావాటి ఎదురుగా 'లొంగదు' అనే గుర్తే. వేలు తీసేయాల్సి రావచ్చన్నాడు డాక్టరు. మగ్గం మీద తెగిన పోగును ముడేసేది ఆ వేలూ బొటనవేలూ కలిసే. అది పోతే మగ్గమూ పోయినట్టే.

పది రోజులు సూదిమందు ఎక్కించారు. నేను మాత్రం తుమ్మొచ్చినా మాత్ర ముట్టని మనిషిని. పరిశోధకుణ్ణని చెప్పుకుంటాను గానీ, ఆ పది రోజులూ శోధన నాకే. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఆయన నాకే చాయ్ తెప్పించి, "జర తినుండ్రి సారూ, గట్లైతే ఎట్ల?" అని బిస్కెట్లు పెట్టాడు.

వేలు దక్కింది, కానీ వంగదు. మగ్గం మీంచి తీసి ఆయన్ని బట్ట మడతపెట్టే పనిలో వేశారు.

గదిగదికీ తిరిగి అట్టలన్నీ పట్టుకొచ్చాను. ఒక్కటి మిగిలింది. ఆ వీధి చివర మందుల దుకాణం సేఠ్ ఎవరి దగ్గరో తీసుకుని, కలర్ జిరాక్స్ తీయించి కౌంటరు అద్దానికి అంటించాడు. తీసెయ్యమంటే హిందీలో నవ్వుతూ బతిమాలాడు: "ఉండనీ సాహెబ్, చాలా సౌకర్యంగా ఉంది. వాళ్ళు చూపిస్తారు, నేను తీసిస్తాను." డాక్టరు చీటీ లేకుండా ఇవ్వొద్దని వెళ్ళినప్పుడల్లా చెప్పాను. వెళ్ళినప్పుడల్లా గుండె మీద చెయ్యేసుకుని, ఇవాళ్టి నుంచి చీటీ లేనిదే ఇవ్వనన్నాడు.

ఒక ఉదయం జగిత్యాలాయన్ని కట్టు మార్పించడానికి ఆస్పత్రికి తీసుకెళ్తూ అక్కడ ఆగాను. దుకాణం ముందు షిఫ్టు దిగినవాళ్ళు గుంపుగా ఉన్నారు. సేఠ్ గుండె మీద చెయ్యేసుకుని నాకు మళ్ళీ అదే మాటిస్తూ గట్టిగా తుమ్మి, ముక్కు తుడుచుకుని, సొరుగులోంచి తనకోసం ఒక స్ట్రిప్ తీశాడు.

చెయ్యి చాపాను. "చీటీ?"

"నాకెందుకు సాహెబ్ చీటీ?"

గుంపు ఘొల్లుమంది. జగిత్యాలాయన కట్టు కట్టిన వేలు ఊపుతూ, "చలో సేఠ్, నేనూ గాడికే పోతున్న. లైన్ల నిలబడుదం" అన్నాడు. నలుగురూ అందుకున్నారు. సేఠ్‌కు షట్టరు దించక తప్పలేదు.

ఆస్పత్రి వరుసలో సేఠ్ మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు, మిల్లు మనుషుల వెనకాల. ఆ వెనకాల, ఏ రోగమూ లేని నేను. డాక్టరు సేఠ్ గొంతు చూసి, ఉప్పునీళ్ళు పుక్కిలించమని రాసి పంపించాడు.

మెట్లు దిగుతూ సేఠ్ ఆ చీటీని తిప్పి, మాత్ర పేరు వెనకవైపేమైనా రాశాడేమోనని వెతుక్కున్నాడు.