దేవరాజులు కారు నటించిన సీను

మా కోడంబాక్కం సినిమా పేట వాళ్ళకు ఒక జబ్బు ఉంది. తెరమీద అర క్షణం కనబడితే చాలు, ఆ ముక్కను ఫోన్లో దాచుకుని చచ్చేదాకా చూపించుకు తిరుగుతాం. నేను సినిమాలకు బట్టలు కుట్టే దర్జీని. ఒక పెళ్ళి సీనులో నా వీపు కనబడుతుంది. నేనూ చూపిస్తాను. కాబట్టి దేవరాజులును తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాను.

దేవరాజులు మా కింది వాటాలో ఉంటాడు. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబం. షూటింగులకు కారు తోలడం అతని పని. ఇరవై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నీ తోలి, మూడేళ్ళ కింద సొంత కారు కొన్నాడు. ఆ ఇంటికి అన్నం పెట్టేది అదొక్కటే. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే దాన్ని తుడుస్తాడు. "నా మొగాన్ని ఏ దినమన్నా అంతసేపు చూసినావా?" అని భార్య చంద్రకళ గుమ్మంలోంచి దెప్పుతూ ఉంటుంది.

ఆ కారు నటించింది కూడా. రెండేళ్ళ కింద మాధవరం దగ్గర ఒక ఖాళీ స్థలంలో వాన సీను తీశారు. మునిగిపోయిన వీధిలోంచి హీరో కారు దూసుకురావాలి. కంపెనీ వాళ్ళు తెచ్చిన కారు సమయానికి మొరాయించింది. దేవరాజులు "నా బండి ఉండాది సార్" అని ముందుకొచ్చి, హీరో చొక్కా తానే తొడుక్కుని మోకాలి లోతు నీళ్ళలో తోలేశాడు. ఆ చొక్కా చేతులు పొట్టి చేసింది నేనే. తెరమీద అది ఆరు సెకన్లు.

ఆ ఆరు సెకన్లు అతనికి చాలా పనులు చేసిపెట్టాయి. కూతురు పరిమళకు బడిలో సీటు అడగడానికి వెళ్ళి చూపిస్తే హెడ్మిస్ట్రెస్ కుర్చీ వేయించింది. బ్యాంకులో చూపిస్తే మేనేజరు టీ తెప్పించాడు. అప్పటినుంచీ ఏ ఆఫీసుకు పోయినా ముందు ఫోను తీస్తాడు, తరువాతే కాగితాలు.

ఈ నెల పద్నాలుగుతో కారు వారంటీ ముగుస్తుంది. ఇన్నాళ్ళూ లోపల ఏది పాడైనా కంపెనీయే బాగుచేసేది. గడువు లోపల డబ్బు కడితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. దాటిందా, అంతే సంగతులు. షోరూం నుంచి లయ అనే అమ్మాయి రోజూ ఫోన్ చేసేది.

"కంపెనీవాడే పొడిగించుకో, పొడిగించుకో అని బతిమాలతా ఉండాడంటే వాడికి లాభం ఉన్నట్టే కదన్నా?" అనేవాడు నాతో పొద్దున. సాయంత్రానికి మాట మారేది. "సెల్వాన్ని చూస్తే బయమేస్తాదన్నా."

సెల్వం అతని స్నేహితుడు. అతనిదీ అదే కారు. వారంటీ ముగిసిన ఇరవై రోజులకు గేర్‌బాక్స్ పోయింది. బాగుచేయించే తాహతు లేక బండి ఐదు నెలలుగా షెడ్డులో దుమ్ముకొట్టుకుపోతోంది. సెల్వం ఒక అపార్ట్‌మెంటు దగ్గర వచ్చేపోయే కార్లకు గేటు తీస్తున్నాడు. ఈ సంగతి తెలిసినవాడు ఎవడైనా మొదటి రోజే కట్టేస్తాడు. మావాడు పద్నాలుగో తేదీ దాకా నాన్చాడు. ఆ పొద్దున చంద్రకళే డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది. "ఈ తూరి టి. నగర్‌కు పోయి చీరలు కొనేది వద్దులే. ఉండేది ఒక్క బండి. కట్టేసి రాపో."

నన్నూ తోడు తీసుకెళ్ళాడు. నేను వెళ్ళింది ఇంగ్లీషు కాగితాలు చదివి పెట్టడానికి. ఏం చదివాను, నా తలకాయ!

షోరూంలో శ్రీకుమార్ అనే కుర్రాడు, చిత్తూరు వైపు వాడు, మర్యాదగా కారంతా చూశాడు. ఇంజను బాగుంది, గేర్లు బాగున్నాయి, సర్వీసులన్నీ సకాలంలో చేయించాడు. "అంతా సరిగ్గా ఉంది సార్. సంతకం పెట్టేస్తే అయిపోతుంది" అన్నాడు. అప్పుడే సర్వీస్ మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

పెద్దాయన వచ్చాడు కదా అని దేవరాజులు ఫోను తీశాడు. అందులో ఉన్నది నీళ్ళలో తోలిన సీను కదా! గబుక్కున కాలు తొక్కాను.

"ఏందన్నా, కాలు తొక్కతా ఉండావు?" అన్నాడు అందరికీ వినబడేలా. ఫోను మేనేజరు ముందు పెట్టి, "చూడండి సార్. నా బండే. నేనే తోలినా."

మేనేజరు ఆరు సెకన్లూ చూశాడు. మళ్ళీ పెట్టి చూశాడు. దేవరాజులు మొహం వెలిగిపోతోంది. మేనేజరు నంబరు ప్లేటు దగ్గర వీడియో ఆపి, శ్రీకుమార్‌తో నెమ్మదిగా అరవంలో ఏదో చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

"సార్, నీళ్ళలో నడిపిన బండికి పొడిగింపు ఇవ్వకూడదు. అది రూలు" అన్నాడు శ్రీకుమార్ తలెత్తకుండా.

"అయ్యో, అది వాన నీళ్ళు కాదప్పా! ట్యాంకర్ నీళ్ళు. మంచి నీళ్ళు. ఉత్త యాక్టింగ్!"

"నాకు తెలుసు సార్. నాకొక్కడికే చూపించి ఉంటే నేను చూడనట్టే ఉండేవాణ్ణి. ఆయన చూశారు కదా."

దేవరాజులు బతిమాలాడు. రెండేళ్ళుగా బండి ఒక్క రోజు మొరాయించలేదన్నాడు. కూతురి చదువు సంగతి చెప్పాడు. చివరికి ఆ వీడియో నాది కాదు, వేరే బండి అన్నాడు. నంబరు తెరమీదే ఉంది. నాకు దేవరాజులు చెంప పగలగొట్టాలనీ ఉంది, పట్టుకుని ఏడవాలనీ ఉంది. రెండూ చేయలేదు. అద్దం తలుపు తీసి పట్టుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు కోడంబాక్కం వంతెన ఎక్కగానే రేడియో ఆపేశాడు. "అన్నా, ఏందో శబ్దం వస్తా ఉండాదే?"

"ఏమీ లేదప్పా. పద."

వంతెన దిగేలోపల ఇంకో రెండుసార్లు అడిగాడు.

ఇంటి ముందు చంద్రకళ ఎదురుచూస్తోంది. హారతి పళ్ళెం, నిమ్మకాయలు సిద్ధం చేసింది. ఆమె దేవరాజులు మొహం వంక చూడలేదు. ముందు కారునే చూసి, బొట్టు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. నేను నోరు తెరవబోతే దేవరాజులు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఆడ మన సినిమా చూపించినావా?" అంది ఆమె నవ్వుతూ. "అది చూస్తే కాస్త తగ్గించి ఉంటారే!"

"చూపించినానే" అన్నాడు దేవరాజులు.