సోయా ముద్దల వాసన కోసం నాచారం దాకా

కొరియా నుంచి తిరిగొచ్చి మూడేళ్లయినా నా ముక్కు అక్కడే ఉండిపోయింది. బూజుల మీద పరిశోధన చేస్తూ జొంజు అనే ఊళ్లో రెండేళ్లు ఓ పెద్దావిడ ఇంటి మేడ మీద అద్దెకున్నాను. ఉడికించి దంచిన సోయా గింజల ముద్దలను ఆవిడ చూరుకు వేలాడదీసి బూజు పట్టించేది. వాటిని ఉప్పునీళ్లలో ఊరబెట్టి, ఆ ముద్దతో పులుసు కాచేది. పోయిన చలికాలం ఆవిడ చనిపోయిందని కబురొచ్చింది. అప్పట్నుంచి ఆ పులుసు మీద బెంగ మరీ ఎక్కువైంది. అందుకే, హైదరాబాద్ నాచారంలో చిన్న ల్యాబ్ నడిపే, నేను జొంజు నుంచి తెచ్చిన బూజును దాచిన నా క్లాస్‌మేట్ శ్రీకాంత్ "నీ కొరియా బూజును మూడు తీర్ల తిండి మీద పెంచిన, వచ్చి వాసన జూడురా" అని ఫోన్ చేయగానే బయల్దేరాను.

హన్మకొండలో ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కి తొమ్మిదిన్నరకు ఉప్పల్ రింగురోడ్డులో దిగాను. టికెట్ వంద దాటింది. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. ముక్కును నమ్ముకుని వచ్చినవాడికి దుమ్ముతోనే స్వాగతం! హబ్సిగూడ మీదుగా నాచారానికి షేర్ ఆటోలో మనిషికి పదిహేను. "ఏం పనన్నా గాడ?" అన్నాడు డ్రైవర్. బూజు చూడ్డానికని చెప్పాను. "గంత దూరమెందుకే, మా ఇంటికి రా. గోడలనిండ మస్తుంది, ఫ్రీగ సూడు."

శ్రీకాంత్ మూడు గాజు పళ్లేలు నా ముందు పెట్టాడు. ఒకే బూజు, ఒకే వెచ్చదనం, తిండి మాత్రం వేరు. బూజు తినేది మారితే అది తనలో తయారుచేసే పదార్థాలూ మారతాయి. బియ్యం మీద పెరిగింది తియ్యగా ఉంది, గోధుమల మీది దానికి కాస్త పులుపు వాసన. కళ్లు మూసుకుని సోయా పళ్లెం మూత ఎత్తాను. ఉడికిన గింజల కమ్మదనం వచ్చింది, అంతే. ఆవిడ ఇల్లు రాలేదు.

"గిది కాదురా" అన్నాను.

మూల సింకు దగ్గర గాజుసామాను కడుగుతున్న యాదమ్మ ఇటు తిరిగింది. "దేంట్ల మాగవెట్టిన్రు సారు?"

"దేంట్ల వెట్టలేదమ్మా, పళ్లెంలనే" అన్నాడు శ్రీకాంత్.

"గట్లెట్ల? సీతాఫలాలు మేం గడ్డిల వెడ్తం. గడ్డి ముట్టకుంటె వాసన యాడికెల్లొస్తది?"

జొంజులో పెద్దావిడ ముద్దలను కట్టింది వరిగడ్డితోనే. గడ్డిలో ఉండే సూక్ష్మజీవులూ ఆ వాసనలో పాలు పంచుకుంటాయి. మేమేమో అన్నీ ఆవిరి పట్టించి శుభ్రం చేసి కూర్చున్నాం.

వరిగడ్డితో మళ్లీ చేద్దామన్నాడు శ్రీకాంత్. చేస్తాం. కానీ ఎన్నాళ్లు వేలాడదీయాలో, ఉప్పెంత పడుతుందో నాకు తెలియదు. ల్యాబ్‌లో ప్రతి పళ్లెం వివరమూ నోట్‌బుక్‌లో రాసుకున్నవాణ్ని, ఆవిణ్ని ఒక్కటీ అడగలేదు. గింజలు ఉడికించే రోజున ఆవిడ కింది నుంచి కేకేసేది, వచ్చి ఓ చెయ్యి వెయ్యమని. పని ఉందని రెండేళ్లూ ల్యాబ్‌కే పోయాను. ఎంత బుద్ధి తక్కువవాణ్నో!

ఉప్పల్ నుంచి వరంగల్ వైపు తిరుగు బస్సు నాలుగులోపే పట్టుకోండి, ఆ తర్వాత సీటు దొరకదు. కానీ మీరు అద్దెకున్న ఇంట్లో వంటగది నుంచి పిలుపొస్తే మాత్రం, బస్సు పోయినా సరే, వెళ్లండి.