చేదబావోళ్లు

మా పక్క క్వార్టర్ కాక బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. కొత్తవాళ్లెవరు కనబడినా ముందు ఇంటిపేరు అడిగేవాడు. ఆయన ఇంటిపేరు చేదబావి. ఊళ్లో మొదటి చేదబావి తవ్వింది వాళ్ల తాతముత్తాతలట. ఓపెన్‌కాస్టు గని కింద ఊరు పోయాక ఆ పేరుగలవాళ్లు తలోదిక్కూ చెదిరిపోయారు. కాకకు పిల్లలు లేరు. "నాతోనే ఈ పేరు ఖతమైతదేమో" అని బెంగపడేవాడు.

ఒకసారి జ్వరమొస్తే నేనే ఆయన్ని దవాఖానకు తీసుకుపోయాను. సూది వేస్తున్న కొత్త నర్సునూ వదల్లేదు.

"ఇంటిపేరేంది బిడ్డా?"

"చేదబావి, కాకా. ఊరు పోయినంక మా తాత శ్రీరాంపూర్ వచ్చిండట."

కాక గబుక్కున లేచి కూర్చుని ఆమె తాత పేరు అడిగాడు. చెప్పగానే ఆయన కళ్లు నిండాయి.

"మా బాపుకు తమ్ముని వరుస! మీరెంతమంది బిడ్డా?"

"నాకు ఇద్దరు తమ్ముండ్లు, కాకా."

"కాకా అని బస్తీ అంత పిలుస్తరు. నువ్వు పెద్దబాపూ అని పిలువు."

ఆమె నవ్వి, "పెద్దబాపూ" అంది.

"ఇంకోసారి పిలువు" అన్నాడు కాక.