పాలత్తకు దొరకని అనుమతి

పాలత్తను కొత్తగా చూసినవాళ్లు ఆవిడకు ముక్కుమీద కోపం అనుకుంటారు. నిజానికి సగం జీవితం ఆవిడ నోరు మూసుకునే గడిపింది. ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట రేకుల కొట్టంలో ఆవుల్ని కట్టుకుని, మొగుడూ తనూ కలిసి ఊరికి పాలు పోసేవారు. పాలు పోయించుకునే వీధులన్నిటికీ ఆవిడ అత్తే. అసలు పేరు ఓటరు కార్డు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు.

ఆ పొలాలకు ఊరి పటంలో పచ్చరంగు వేసి గ్రీన్ బెల్ట్ అని రాశారు. ఊరు ఎంత పెరిగినా పక్క ఊరి మీద పడకుండా, మధ్యలో కాస్త గాలాడేలా ముందుచూపున్న వాళ్లెవరో పెట్టిన కట్టుబాటు అది. అందులో పంట పండించుకోవచ్చు, పశువుల్ని మేపుకోవచ్చు. కొత్తగా ఇటుక మీద ఇటుక పెట్టకూడదు.

పాలత్తకు ఈ సంగతి చెబితే తెలియలేదు, తగిలితే తెలిసింది. అత్తగారు పక్షవాతంతో పడిపోయినప్పుడు, ఉన్న ఒక్క గదిలో ఆవిడకు మరుగు లేదని ఇంటి వెనక గోడకు ఆనించి చిన్న గది లేపారు. మంచం పట్టేంత గది, దానికో కిటికీ. ముసలావిడ ఆ కిటికీలోంచి కొట్టాన్ని చూస్తూ, ఏ ఆవు సరిగా మేయడం లేదో పడుకున్న చోటినుంచే కోడలికి చెప్పేది. గోడల తడి ఆరకముందే మున్సిపాలిటీవాళ్లు వచ్చారు. ప్లానింగ్ ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్థుడే.

"మీ కష్టం నాకు అర్థమైందమ్మా. కానీ ఇవాళ మీకు సరేనంటే రేపు ఇంకొకళ్లకి కాదనలేను. చట్టం అందరికీ ఒకటే" అన్నాడు.

ముసలావిడను మంచంతో సహా ఎత్తి కొట్టంలో ఆవుల పక్కన దించారు. గది కూలడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆవిడ ఆ కొట్టంలోనే కన్ను మూసింది.

ఇంకొకరైతే ఆ చట్టాన్ని చచ్చేదాకా తిట్టుకునేవారు. పాలత్త మాత్రం దానికి కాపలా కాయడం మొదలుపెట్టింది. మా అత్త చివరి రోజులు ధారపోసి కాపాడిన నేల ఇది, ఇంకొకడు దీని మీద ఎలా కడతాడో చూస్తాననేది. కూలగొట్టిన ఇళ్ల చెత్తను పొలాల్లో గుమ్మరించడానికి వచ్చిన లారీలకు అడ్డంగా నిలబడింది. తమ్ముడు కౌన్సిలరుగా నిలబడ్డప్పుడు, మావాడు గెలిస్తే గ్రీన్ బెల్ట్ మీద ఈగ వాలనివ్వడని గడప గడపకూ చెప్పి ఓట్లడిగింది. తమ్ముడూ ఆ మాటే మైకులో చెప్పాడు, గెలిచాడు.

కొన్నేళ్లకు ఒక పెద్ద కంపెనీ ఆ పొలాలను ఎగువా దిగువా కొనేసి, నాలుగు వందల ఇళ్లకు అనుమతి అడిగింది. పాలత్త మొదట నవ్వేసింది. మంచం పట్టే గదికే ఒప్పుకోనివాళ్లు ఊరికి ఊరు కడతామంటే ఊరుకుంటారా అనుకుంది. కానీ మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించిన నివేదికను మందుల షాపాయన చదివి వినిపించేసరికి ఆ నవ్వు కాస్తా ఇగిరిపోయింది. ఈ భూమి "అభివృద్ధికి అనుకూలం", ఇవి "ప్రత్యేక పరిస్థితులు" అని అందులో ఉంది. కింద సంతకం ఆనాటి కుర్ర ఆఫీసరుదే. ఇప్పుడతను పెద్ద కుర్చీలో ఉన్నాడు.

ఇంటికొచ్చి ముద్ద ముట్టకుండా కూర్చుంది. ఆవిడ మొగుడు రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ పూట ఆయనే నోరు విప్పాడు.

"కంచం మీద అలిగితే వాళ్లకేం నష్టమే? తిను. తినేసి వెళ్లి పోట్లాడదాం."

మున్సిపల్ కౌన్సిల్ సమావేశంలో కంపెనీవాళ్లు తెర మీద బొమ్మలు చూపించారు. వెడల్పాటి రోడ్లు, సైకిళ్ల మీద పిల్లలు, ఇంకా నాటని చెట్లు. జనానికి మాట్లాడే వంతు వచ్చినప్పుడు పాలత్త లేచింది.

"సారూ, మా అత్తగారి మంచం పట్టే గది ఈ నేలని పాడుచేస్తుందన్నారు. చట్టం అందరికీ ఒకటే అన్నారు, మేం నమ్మాం. మరి వీళ్ల దగ్గరికొచ్చేసరికి అది ఎప్పుడు రెండైంది?"

ఆఫీసరు కాగితాల మీంచి తలెత్తలేదు. సొంత గొడవలు ఇక్కడ కుదరవన్నాడు. ఎవరో మైకు ఆపేశారు. ఓటింగులో ఒక్కొక్క చెయ్యీ లేచింది. తమ్ముడి చెయ్యి కూడా లేచింది. ఆ సమయంలో అతను ఫ్యాను వంక చూస్తున్నాడు.

మెట్ల మీద అతనే ఎదురొచ్చాడు. "అక్కా, నేనొక్కణ్ణి కాదంటే ఆగిపోయేదా? ఈ వంకనైనా మన వార్డుకి రోడ్డొస్తుంది."

"ఆగేది కాదేమోరా. కనీసం నీ మాటైనా నిలిచేది" అంది. ఆ తరవాత అతనితో మాట్లాడటం మానేసింది.

పాలత్త, మందుల షాపాయన కోర్టుకెళ్లారు. పనులు ఆపమని కోర్టు చెప్పింది. ఆ ఉత్తర్వు చేతికందేలోపే కంపెనీ మిషన్లు పొలాల గట్ల మీది చెట్లన్నిటినీ నరికి పారేశాయి. పాలత్త మిషను ముందు నిలబడితే పోలీసులు రెండు రెక్కలూ పట్టుకుని పక్కకు జరిపారు. అంతకంటే పెద్ద అన్యాయం తరవాతి వాయిదాలో జరిగింది. అక్కడిప్పుడు పచ్చదనమే లేదు, ఇక కాపాడేదేముందని కంపెనీ లాయరు వాదించాడు. తల్లినీ తండ్రినీ చంపినవాడే, దిక్కులేనివాణ్ణి, నన్ను కనికరించండి అన్నట్టుంది ఆ మాట. అంతవరకూ మనకెందుకులే అని తలుపులు వేసుకున్నవాళ్లు కూడా అది విని వీధిలోకి వచ్చారు. పాలత్త ఆ రోజునుంచి మున్సిపల్ క్యాంటీనుకు పాలు పోయడం ఆపేసింది. కంపెనీనే అడిగి తెప్పించుకొమ్మని కబురు పంపింది.

చివరికి తీర్పు సగానికి వచ్చింది. దిగువ పొలాలు ముట్టుకోకూడదు, ఎగువ కట్టుకోవచ్చు. అందరూ గెలిచామన్నారు. సగం మెడ కోసి వదిలేశారని సంబరపడమంటారా అని పాలత్త కసిరింది. ఆఫీసరు ప్రమోషన్ మీద వేరే ఊరు వెళ్లాడు. ఎగువ ఇళ్లు లేచాయి. ఇప్పుడు వాన పడితే ఆ వీధుల నీళ్లన్నీ కొట్టంలోకే వస్తాయి. ఆ ఇళ్లవాళ్లు పాలు కావాలంటే మాత్రం పోస్తుంది. కొనుక్కున్నవాళ్ల తప్పేముంది అంటుంది.

ఈమధ్య కంపెనీ పేరు మార్చుకుని దిగువ పొలాలకూ అర్జీ పెట్టింది. మోకాళ్ల నొప్పులతోనే పాలత్త సమావేశానికి వెళ్లింది. వెళ్లి చూస్తే ఎగువ ఇళ్లవాళ్లు ముందే వచ్చి గుంపుగా నిలబడి ఉన్నారు. కిటికీ తెరిస్తే కనపడే పచ్చదనం పోతుందని వాళ్లకు ఒళ్లు మండిపోతోంది. తిట్టాలో నవ్వాలో పాలత్తకు పాలుపోలేదు. ఓ కుర్చీలో కూర్చుని, పక్క కుర్చీ మీద పెట్టిన తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, వాళ్లలో దగ్గరగా ఉన్నావిడతో, అలా నిలబడ్డారేం, కూర్చోండి అంది.