మొక్కకు వేసిన ఉప్పు

అప్పట్లో నేను రాజోలు దగ్గర ఒక పల్లె బడిలో టీచరును. తుఫానుకు ఊళ్లో కొబ్బరితోటలు పడిపోయిన మరుసటి ఏడాది పిల్లలకు ఒక ఆట పెట్టాను. ఒక్కొక్కరూ బడి ఆవరణలో ఒక కొబ్బరి మొక్క నాటి, దానికి పేరు పెట్టి, నీళ్లు పోసి పెంచాలి. మా వైపు కొబ్బరి నాటే గోతిలో ఉప్పు వేస్తారు. పిల్లలూ ఇళ్ల నుంచి తలో గుప్పెడు తెచ్చి వేశారు.

వేసవికి మొక్కలన్నీ మాడిపోయాయి. మేం నీళ్లు తోడుకునే బోదె కాలువలోకి పక్క రొయ్యల చెరువు ఉప్పునీళ్లు వదిలారని, ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే గాని తెలియలేదు. చెరువు యజమానిని బడికి పిలిపించి అడిగాను.

ఆయన నవ్వారు. "ఉప్పేసింది మీ పిల్లలేనటగా టీచరుగారూ! నా చెరువు మీద పడతారేంటండీ? ఏమర్రా, ఎవరేసేరు ఉప్పు?"

మూడో తరగతి మంగ ఏడుస్తూ లేచింది. "నేనేనండి. నా మొక్క బుజ్జిగాడు తొందరగా పెరగాలని ఇంకో గుప్పెడు ఎక్కువేసేనండి. అందుకే అందరివీ చచ్చిపోయేయండి."

"ఆయ్, విన్నారు కదండీ" అని ఆయన వెళ్లిపోయారు.

నీ ఉప్పు వల్ల కాదమ్మా, ఆ నీళ్ల వల్ల అని ఎన్నిసార్లు చెప్పినా మంగ నమ్మలేదు. బోదెలో నీళ్లూ మారలేదు.

తొలకరికి మళ్లీ మొక్కలు పంచాను. మంగ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దండి. నా చెయ్యి మంచిది కాదండి."

మొక్కల మీద ప్రేమ కలగాలని పెట్టిన ఆటలో ఆ పిల్ల నేర్చుకున్నది అదొక్కటే.